ట్యాగు మీద ఒక రేటు, బిల్లు మీద ఇంకో రేటు

కెనడాకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ట్యాగు మీద 20 డాలర్లని ఉంది. కౌంటర్ దగ్గర 22 డాలర్ల 40 సెంట్లు అడుగుతున్నాడు. ఎక్కువ లాగుతున్నాడా?" లాగట్లేదు తమ్ముడూ, అది పన్ను, అంటాం. మరి ఆ పన్నేదో ట్యాగు మీదే కలిపి రాసి చావొచ్చుగా, అంటాడు. ఇక్కడే చాలామంది దగ్గర జవాబు ఉండదు. షాపులవాళ్ళ జిత్తులని కొందరంటారు, అమెరికాని చూసి నేర్చుకున్నారని కొందరంటారు. ఎపిసోడ్‌లో నేను ఇంకో జవాబు చెప్పాను. టైం చాలక కోర్టు కేసుల సంగతి గబగబా దాటేశాను. వినేవాళ్ళలో కొందరు దాని మీదే అడిగారు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. ఐటీఐ సివిల్ డ్రాఫ్ట్స్‌మన్‌ని, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని. రోజూ కలపకీ కాంక్రీటుకీ బిల్లులు చూసేవాణ్ణి కాబట్టి ఈ లెక్క మీద ఆసక్తి పుట్టింది.

ముందు విన్నిపెగ్ లెక్క. ఇక్కడ రెండు పన్నులు. ఫెడరల్ ప్రభుత్వానిది జీఎస్టీ 5 శాతం, మానిటోబా ప్రావిన్స్‌ది పీఎస్టీ 7 శాతం. రెండూ అసలు ధర మీదే లెక్కేస్తారు కాబట్టి 100కి 112. క్విబెక్‌లో 2013 దాకా ముందు జీఎస్టీ కలిపి, ఆ మొత్తం మీద ప్రావిన్స్ పన్ను వేసేవాళ్ళు, అంటే పన్ను మీద పన్ను. మనకి ఆ పాట్లు లేవు.

అయితే అన్నిటికీ 12 కాదు. బియ్యం, కందిపప్పు, పాలు, కూరగాయలకి ఏమీ లేదు. పచ్చి జీడిపప్పుకి జీఎస్టీ లేదు, అదే జీడిపప్పు వేయించి ఉప్పు చల్లితే ఉంది. డోనట్లు ఐదు కొంటే జీఎస్టీ వేస్తారు, ఆరు కొంటే వెయ్యరు. ఆరు కొన్నవాడు ఇంటికి సరుకు తీసుకెళ్తున్నాడనీ, ఐదు కొన్నవాడు అక్కడే చిరుతిండి తింటున్నాడనీ చట్టం అనుకుంటుంది. ఐదు డోనట్లు ఒక్కడే ఎలా తింటాడో మరి! ఇంతా అయ్యాక నోట్లిచ్చి కొంటే చివరి మొత్తాన్ని దగ్గర్లోని ఐదు సెంట్లకి సర్దుతారు, ఎందుకంటే పెన్నీ లేదు. కెనడా ఆఖరి పెన్నీని కొట్టింది మన విన్నిపెగ్ టంకశాలలోనే, 2012 మే 4న. కార్డు గీకితే మాత్రం సెంటుతో సహా లెక్క.

కొత్తగా వచ్చినవాడికి ఇది వింత లెక్క కాదు, అవమానం. కిందటి చలికాలం మా క్రూలో చేరిన కుర్రాడు ఒకడున్నాడు, అమలాపురం వైపు. జేబులో 80 డాలర్లు పెట్టుకుని చలి బూట్లకి వెళ్ళాడు. ట్యాగు 74.99. కౌంటర్ దగ్గర 84 అన్నారు. వెనకాల లైన్లో ఆరుగురు. బూట్లు అక్కడే పెట్టేసి వచ్చేశాడు. తొమ్మిది డాలర్ల గురించి కాదన్నా, జేబులో ఎంతుందో లెక్క చూసుకునే వెళ్ళాను కదా, అన్నాడు. ధర అంటే మాట అని మనకి. చీటీ మీద రాశాక దానికి కట్టుబడాలి.

"మన దగ్గర ఇలాంటిది లేదు" అని ఇక్కడ అందరూ అంటారు. ఉండేది. నాకంటే పెద్దవాళ్ళకి బాగా గుర్తుంటుంది. మా మేనమామకి తణుకులో కిరాణా కొట్టుండేది. పాత సబ్బుల డబ్బాల మీద, బిస్కెట్ ప్యాకెట్ల మీద ధర పక్కన చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో స్థానిక పన్నులు అదనం అని ఉండేది. 1977 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు దానికి వీలిచ్చాయి. స్థానిక పన్ను ఎంతో కొనేవాడికి తెలీదు, కాబట్టి కొట్టువాడు చెప్పిందే పన్ను. నాలుగు శాతం అయ్యే చోట పది శాతం తీసుకున్నా అడిగే దిక్కు లేదు. ఆ ఫిర్యాదులు ముదిరి 1990లో నిబంధనలు మార్చారు. అన్ని పన్నులూ కలుపుకుని గరిష్ఠ చిల్లర ధర, అంటే మనం ఎమ్మార్పీ అనేది, అప్పుడు పుట్టింది. మనం పుట్టుకతో వచ్చిన హక్కులా మాట్లాడే ఎమ్మార్పీ వయసు నా వయసు కంటే తక్కువ. ఇప్పటికీ ఏసీ హోటల్లో మెనూ కార్డు ధర వేరు, బిల్లు వేరు అని ఇండియాలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అసలు మనకి అమ్మకపు పన్ను ఎక్కణ్ణించి వచ్చింది? కల్లు సీసాలోంచి వచ్చింది. 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ప్రభుత్వం ఏర్పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు దాని కిందే. రాజాజీ సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి చిత్తూరు, కడప జిల్లాలకి తెచ్చాడు. ఆబ్కారీ ఆదాయం పడిపోయింది. ఆ గుంట పూడ్చడానికి 1939లో మద్రాసు జనరల్ సేల్స్ ట్యాక్స్ చట్టం తెచ్చాడు. దేశంలో అన్ని సరుకులకీ వర్తించే అమ్మకపు పన్ను అదే మొదలు. ఏడాదికి 20,000 రూపాయలు దాటి వ్యాపారం చేసేవాళ్ళకి అర శాతం. ఇవాళ చూస్తే నవ్వొస్తుంది కానీ వర్తకులు మండిపడ్డారు. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టడం, ఖజానా కటకటలాడి 1997లో దాన్ని సడలించడం మనం చూసిందే. అరవై ఏళ్ళ ముందు అదే చిక్కుకి రాజాజీ వెతుక్కున్న దారి ఈ పన్ను.

ఆ పన్ను మీద కోర్టుకెక్కిన కేసుల్లో ఒకటి మనకి దగ్గరిది. వేరుశనగ నూనె, చెక్క తయారుచేసి అమ్మే బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే సంస్థది. పేరు చూస్తేనే మనవాళ్ళని తెలుస్తుంది. వాళ్ళ వాదన ఏమంటే, తయారుచేసినవాడు మొదటిసారి అమ్మినప్పుడు వేసే పన్ను నిజానికి ఎక్సైజు సుంకం, అది కేంద్రం సొత్తు, రాష్ట్రానికి హక్కు లేదు. 1942లో ఢిల్లీ ఫెడరల్ కోర్టు మద్రాసు రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. వస్తువు తయారైనందుకు వేసేది వేరు, అమ్మినందుకు వేసేది వేరు అంది. కేంద్రం ఇదే తగవుని లండన్లో ప్రీవీ కౌన్సిల్ దాకా పట్టుకెళ్ళింది. 1945లో అక్కడా మద్రాసే గెలిచింది. ఆ తీర్పులతో స్థిరపడ్డ సంగతి ఒకటుంది, దీన్ని గుర్తుపెట్టుకోండి: మన పద్ధతిలో పన్ను కట్టాల్సినవాడు అమ్మేవాడు. కొనేవాడి దగ్గర రాబట్టుకుంటాడా, తన లాభంలోంచి ఇస్తాడా అనేది అతని గొడవ. అందుకే 1990లో ఢిల్లీ వాళ్ళు అమ్మేవాణ్ణి పట్టుకుని, నీ పన్నులన్నీ ధరలోనే కలిపి అచ్చెయ్ అనగలిగారు.

ఇప్పుడు ఇటు రండి. సరిగ్గా అదే లండన్ కోర్టు, దాదాపు అవే ఏళ్ళు, కెనడా కేసులు.

1867లో కెనడా ఏర్పడినప్పుడు రాసుకున్న చట్టంలో 92వ సెక్షన్ ఉంది. దాని ప్రకారం ప్రావిన్సులు ప్రత్యక్ష పన్నులు మాత్రమే వెయ్యాలి. పరోక్ష పన్నులన్నీ ఫెడరల్ ప్రభుత్వానివి. ప్రత్యక్షం అంటే ఏమిటి? కోర్టులు జాన్ స్టూవర్ట్ మిల్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త నిర్వచనం పట్టుకున్నాయి. ఎవరు భరించాలని ఉద్దేశమో వాళ్ళ దగ్గరే వసూలు చేస్తే ప్రత్యక్షం. ఒకడి దగ్గర తీసుకుని, వాడు ఇంకొకడి మీద వేసుకుంటాడులే అని వదిలేస్తే పరోక్షం. ఈ లెక్కన కొట్టువాడి మీద వేసే అమ్మకపు పన్ను పరోక్షం. ప్రావిన్సులకి నిషిద్ధం.

దీనికి దెబ్బ తిన్నది మన మానిటోబానే. వందేళ్ళ కిందట విన్నిపెగ్ అంటే గోధుమల బజారు. గ్రెయిన్ ఎక్స్ఛేంజ్‌లో ముందు నెలల్లో ఇచ్చే పంటకి ఇప్పుడే బేరాలు జరిగేవి. 1923లో మానిటోబా ఆ అమ్మకాల మీద పన్ను వేసింది. 1925లో ప్రీవీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. బ్రోకర్లు కట్టినా చివరికి వేరేవాళ్ళ మీద పడుతుంది కాబట్టి ఇది పరోక్షం, చెల్లదు అంది.

తర్వాతి ప్రావిన్సులు దీన్ని చూసి తెలివి తెచ్చుకున్నాయి. 1936లో ఆల్బర్టా వేసిన రెండు శాతం పన్ను పేరే అంతిమ కొనుగోలుదారు పన్ను. పేరులోనే ఎవరు కట్టాలో చెప్పేశారు. జనం తిట్టి ఏడాదికే రద్దు చేయించుకున్నారు, ఇవాళ్టికీ ఆల్బర్టాలో ప్రావిన్స్ పన్ను లేదు. 1937లో సస్కాచెవాన్ చదువుల పన్ను పేరుతో వేసింది, అది నిలిచింది. 1940లో న్యూ బ్రన్స్‌విక్ పొగాకు మీద పన్ను వేస్తూ చట్టంలో స్పష్టంగా రాసుకుంది: పన్ను కొనేవాడిది, కొట్టువాడు మంత్రి తరఫున వసూలు చేసే ఏజెంటు. అట్లాంటిక్ స్మోక్ షాప్స్ అనే కంపెనీ దాని మీద లండన్ దాకా వెళ్ళింది. 1943లో తీర్పు వచ్చింది, పన్ను చెల్లుతుందని. అప్పట్నించి కెనడాలో ప్రావిన్సుల అమ్మకపు పన్నులన్నీ ఈ అచ్చులోనే పోశారు.

అమలాపురం కుర్రాడికి జవాబు ఇది. ట్యాగు మీద ఉన్నది కొట్టువాడికీ నీకూ మధ్య బేరం. బిల్లు కింద కలిసే ఏడు శాతం నీకూ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం, కౌంటర్ దగ్గరి అమ్మాయి ఆ నిమిషానికి ప్రభుత్వం గుమాస్తా. రెండు వేర్వేరు లావాదేవీలు ఒకే కాగితం మీద పడుతున్నాయి. పన్ను కలిపే రేటు రాయొద్దని దీనర్థం కాదు. కానీ పన్ను వేరు, ధర వేరు అనే అలవాటు ఇక్కడి పునాదిలోనే పడింది. పునాది గోడని తర్వాత జరపడం ఎంత కష్టమో మా పని చేసేవాళ్ళకి తెలుసు.

మానిటోబా మాత్రం చాలాకాలం ఆగింది. ఆల్బర్టాని వదిలేస్తే ప్రావిన్సులన్నిట్లో ఆఖరిది ఇదే. ప్రీమియర్ డఫ్ రాబ్లిన్ ప్రభుత్వం 1967 జూన్ 1 నుంచి ఐదు శాతం పన్ను పెట్టింది. ఈయన గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. 1950లో రెడ్ రివర్ వరద విన్నిపెగ్‌ని ముంచింది. ఊరి తూర్పు పక్కనించి వరదనీళ్ళని మళ్ళించే కాలువ తవ్వాలని పట్టుబట్టినవాడు రాబ్లిన్. 47 కిలోమీటర్ల కాలువ, 1962లో మొదలై 1968లో పూర్తయింది, ఖర్చు 6 కోట్ల 30 లక్షల డాలర్లు. సూయజ్ కాలువకంటే ఎక్కువ మట్టి ఎత్తారంటారు. డఫ్ గారి గొయ్యి అని జనం ఎగతాళి చేశారు. 1997లో శతాబ్దపు వరద వచ్చినప్పుడు ఆ గొయ్యే ఊరిని కాపాడింది. నేను చూసిన మట్టిపనుల్లో దానికి సాటి లేదు. కానీ రాబ్లిన్ 1968లో ఫెడరల్ ఎన్నికల్లో సొంత ఊరు విన్నిపెగ్‌లోనే ఓడిపోయాడు. కారణాల్లో ఒకటిగా అందరూ చెప్పేది ఆ ఐదు శాతం. గొయ్యి పనికొచ్చేది వరద వచ్చినప్పుడే. పన్ను ప్రతి బిల్లు మీదా రోజూ కనపడుతుంది.

కనపడటం అనేదే ఇక్కడ అసలు సంగతి. దానికి పెద్ద రుజువు జీఎస్టీ కథ. ఫెడరల్ ప్రభుత్వానికి 1920ల నుంచే ఒక అమ్మకపు పన్ను ఉండేది, ఫ్యాక్టరీ దగ్గర వసూలు చేసేది. 1990 నాటికి దాని రేటు 13.5 శాతం. సామాన్యులకి దాని ఉనికే తెలీదు, ఏ బిల్లు మీదా రాదు కాబట్టి. అయితే ఇక్కడ తయారైన సరుకు ఎగుమతైనా ఆ భారం కొంత మోసుకుపోయేది, దిగుమతి సరుకుకి తేలిగ్గా ఉండేది. ప్రధాని బ్రయన్ మల్రోనీ, ఆర్థికమంత్రి మైకేల్ విల్సన్ దాన్ని తీసేసి, బిల్లు మీద కనపడే ఏడు శాతం జీఎస్టీ తెస్తామన్నారు. మొదట తొమ్మిదన్నారు, గోల చూసి ఏడుకి దిగారు. సెనేట్ అడ్డుకుంటే రాజ్యాంగంలో అంతకుముందెప్పుడూ వాడని సెక్షన్ తీసి 1990 సెప్టెంబరులో ఎనిమిదిమంది కొత్త సెనేటర్లని నింపారు. ప్రతిపక్ష సెనేటర్లు సభలో ఈలలు, బొమ్మ బూరలు ఊదారు. పెద్దమనుషుల సభ మరి! చివరికి 1991 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇండియా పన్నుని ధరలో దాచింది 1990లో. కెనడా దాచిన పన్నుని బయటికి తీసింది 1991లో. ఒకరు కొనేవాడి మేలు కోసం దాచారు, ఇంకొకరు కూడా కొనేవాడి మేలు కోసమే బయటపెట్టామన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

ఫలితం? 1988లో 169 సీట్లు గెలిచిన మల్రోనీ పార్టీ 1993లో రెండంటే రెండు సీట్లకి పడిపోయింది. క్విబెక్ గొడవ, పడమటి ప్రావిన్సుల అలక, ఇంకా చాలా ఉన్నాయి కారణాలు. కానీ జీఎస్టీ మీద జనం కసి అందులో పెద్ద వాటా. దాన్ని రద్దు చేస్తామని గెలిచిన లిబరల్ పార్టీ రద్దు చెయ్యలేదు. ఆ మాట మీద పట్టుబడ్డ మంత్రి షీలా కాప్స్ 1996లో రాజీనామా చేసి మళ్ళీ పోటీ చేసి గెలవాల్సొచ్చింది. దాగి ఉన్న 13.5 మీద ఒక్క ఊరేగింపు జరిగినట్టు ఎవరూ చెప్పుకోరు. కనపడే ఏడు ఒక పార్టీని నేలమట్టం చేసింది. తర్వాత హార్పర్ ప్రభుత్వం 2006లో ఆరుకి, 2008లో ఐదుకి దించింది. కనపడేదాన్ని తగ్గిస్తే ఆ తగ్గింపూ కనపడుతుంది కదా.

పన్ను కలిపి ట్యాగు రాయాలనే ప్రయత్నం ఇక్కడా ఒకసారి జరిగింది. 1997లో అట్లాంటిక్ ప్రావిన్సులు మూడు రెండు పన్నుల్ని 15 శాతం ఒకే పన్నుగా కలిపినప్పుడు, ధరలన్నీ పన్నుతో కలిపే రాయాలని ఒప్పందంలో పెట్టారు. పెద్ద చెయిన్ షాపులు ఒప్పుకోలేదు. ఆల్బర్టాలో 5, సస్కాచెవాన్‌లో 11, ఇక్కడ 12, పక్కన ఆంటారియోలో 13, ఇవి ఇప్పటి రేట్లు. దేశమంతా ఒకే కరపత్రం అచ్చువేసేవాడికి నాలుగు రకాల ట్యాగులంటే ఖర్చే. సెనేట్ విచారణలయ్యాక ఆ షరతు పక్కకి పోయింది.

మానిటోబాలో తర్వాతి వంతు 2013లో. రేటు అప్పటికి ఏడు. ప్రీమియర్ గ్రెగ్ సెలింజర్ జూలై 1 నుంచి ఎనిమిది చేశాడు. అంతకుముందు ఎన్నికల్లో పెంచనన్నాడు. పైగా పీఎస్టీ పెంచాలంటే ప్రజల ఓటు తీసుకోవాలని అప్పటికే ఒక చట్టం ఉంది, ఆ చట్టాన్నే సవరించి పక్కన పెట్టాడు. సొంత మంత్రులు ఐదుగురు తిరగబడి 2014లో రాజీనామా చేశారు. 2016లో ప్రభుత్వం పోయింది. 2019 జూలై 1న కొత్త ప్రభుత్వం మళ్ళీ ఏడుకి దించింది. ఒక్క శాతం! వంద డాలర్ల మీద ఒక డాలర్. కానీ బిల్లు తీసిన ప్రతిసారీ అది మాట తప్పిన సంగతి గుర్తుచేసింది.

నా మటుకు నాకు కనపడే పన్నే నచ్చుతుంది. సిమెంటు బస్తా మీద మా నాన్న ఎంత పన్ను కట్టాడో ఆయనకి జన్మలో తెలియలేదు. కట్టానని తెలిస్తే కదా రోడ్డు ఏదని అడిగేది. ఇక్కడ గుంటల రోడ్డు మీద మా లేబర్ కూడా, నా పన్ను డబ్బులు ఏమయ్యాయని గట్టిగా తిడతాడు. కానీ ఇందులో ఒక కిటుకుంది. రాబ్లిన్‌నీ మల్రోనీ పార్టీనీ సెలింజర్‌నీ దించినవాళ్ళు ఓటున్నవాళ్ళు. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడు, చదువుకోడానికి వచ్చినవాడు దిగిన రోజే టోపీ, చేతితొడుగులు కొని 12 శాతం కట్టడం మొదలుపెడతాడు. అతనికి కనపడుతుంది, కానీ అడిగే దారి లేదు. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకైతే వెళ్ళేటప్పుడు జీఎస్టీ వెనక్కిచ్చే ఏర్పాటు ఒకప్పుడుండేది, 2007లో తీసేశారు. ఎయిర్‌పోర్టులో కౌంటర్ వెతక్కండి.

2024 డిసెంబరు 14 నుంచి రెండు నెలలు కొన్ని సరుకులకి జీఎస్టీ సెలవు ఇచ్చారు. పిల్లల బట్టలు, బొమ్మలు, పుస్తకాలు, హోటల్ భోజనం లాంటివి. విన్నిపెగ్ హోటల్ బిల్లు మీద ఐదు పోయింది, ఏడు అలాగే ఉంది. సగం సెలవన్నమాట.

వెనక్కొచ్చే డబ్బు ఇంకోటుంది, అది చాలామంది వదిలేసుకుంటున్నారు. 1991లో జీఎస్టీ వచ్చినప్పట్నించీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి మూడు నెలలకోసారి జీఎస్టీ క్రెడిట్ అని ఇస్తారు. దానికి పౌరసత్వం అక్కర్లేదు, పన్నుల లెక్కలో కెనడా నివాసి అయితే చాలు. వర్క్ పర్మిట్ వాళ్ళకీ స్టూడెంట్లకీ చాలామందికి వర్తిస్తుంది. కాకపోతే వచ్చిన మొదటి ఏడాది మనంతట మనమే దరఖాస్తు పెట్టుకోవాలి. పిల్లలు లేనివాళ్ళకి ఫారం పేరు ఆర్‌సీ 151. మా సైట్‌లో అడిగితే ముగ్గురు అసలు దాని పేరే వినలేదన్నారు. అమలాపురం కుర్రాడు వాళ్ళలో ఒకడు. లంచ్ బ్రేక్‌లో ట్రక్కు బానెట్ మీద పెట్టి ముగ్గురిచేతా నింపించాం. వచ్చిన తేదీ, అంతకుముందు ఇండియాలో సంపాదించింది డాలర్లలో ఎంత, ఈ రెండు గడుల దగ్గరే కాస్త ఆలస్యమైంది.